మేక నెత్తురు, అక్క మూలుగ

నా తమ్ముడి రోగానికి మొదటి మందు ఒక క్వార్టర్ సీసాలో వచ్చింది. సీసా మీద బ్రాందీ కాగితం సగం చిరిగి అలాగే ఉంది. లోపల ఆకుపచ్చటి పసరు, అడుగున మట్టిలాంటి మడ్డి. మూతకు బదులు పాలిథిన్ కవరు మడిచి కుక్కారు. పసరు వైద్యం చేసే ఒకాయన దగ్గర్నుంచి మా మేనత్త తెచ్చింది. ఆకు అంత మెత్తగా ఎలా నలిగిందో నాకు అర్థం కాక అడిగాను.

“నోట్ల నమిలి పోస్తడు ఆయన,” అంది అత్త, అదొక గొప్ప సంగతి అన్నట్టు. “గదే మందు. ఉమ్మిల మంత్రం ఉంటది.”

తమ్ముడు ముక్కు మూసుకుని గటగటా తాగేశాడు. నేను వాకిట్లోకి పోయి కక్కుకున్నాను.

మాది కాశిబుగ్గలో మగ్గాల ఇల్లు. నాన్న బతికున్నంత కాలం ముందుగదిలో మగ్గం ఉండేది. ఆయన పోయాక తమ్ముడు పవర్లూమ్ షెడ్డులో పనికి కుదిరాడు. పెళ్లి కాలేదు, అమ్మతో అదే ఇంట్లో ఉంటాడు. నన్ను ఖిలా వరంగల్‌లో ఇచ్చారు. మా ఆయనకు డోర్నకల్‌లో రైల్వే పని, వారంలో సగం రోజులు అక్కడే. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. అందుకే తమ్ముడి రోగం మొదలైనప్పుడు తిరగగలిగిన మనిషిని నేనొక్కదాన్నే.

ముందు వాడి తొడల మీద నీలం మచ్చలు లేచాయి. మగ్గం తగిలి ఉంటుందనుకున్నాం. తర్వాత పళ్లు తోముకుంటే నురగంతా ఎర్రగా వచ్చేది. షెడ్డులో రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. అత్త కామెర్లంది, చేతబడి అంది, ఆఖరికి నమిలిన ఆకు తెచ్చింది. ఆ పసరు తాగిన మర్నాడు వాడి ముక్కులోంచి కారిన రక్తం ఆగకపోతే దవాఖానకు తీసుకెళ్లాను. అక్కణ్ణుంచి హైదరాబాద్ పంపారు. అక్కడ వాడి తుంటి ఎముకలో సూది గుచ్చి మూలుగ తీసి చూశారు. ఉండాల్సిన కణాలు లేవు. చాలా మటుకు కొవ్వే ఉంది. రక్తం తయారయ్యే చోటు ఎండిపోయింది, ఎందుకన్నది చాలామంది విషయంలో తెలియదు, అన్నారు.

ఆ మాట విన్న వారంలో నేను గ్రంథాలయానికి వెళ్లాను. నన్ను పదో తరగతితో ఆపేశారు. ఆ తర్వాత నాకు చదువు ఎవరూ చెప్పలేదు, నేనే చెప్పుకున్నాను, ఆ మాట గర్వంగానే రాస్తున్నాను. పెళ్లైన కొత్తలోనే హన్మకొండలో గ్రంథాలయం దారి కనిపెట్టాను. కుట్టుపని లేని మధ్యాహ్నాలు బస్సెక్కి అక్కడే కూర్చునేదాన్ని. చరిత్ర చదివాను, నక్షత్రాల గురించి చదివాను, ఇంటర్మీడియట్ జీవశాస్త్రం పుస్తకాలు మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇంగ్లిషు పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకుంటాను, ఒక పేజీకి ఒక మధ్యాహ్నం పట్టినా ఫరవాలేదు. అక్కడ నాకు నచ్చనిది ఒక్కటే, పేపర్లు చదవడానికి వచ్చే మగవాళ్లు. ప్రతి పేజీకీ వేలు నాలుక మీద పెట్టి తడి చేస్తారు. సాయంత్రానికి పేజీ మూలలు బురదలో తొక్కినట్టు అవుతాయి. అలాంటి మూలను పట్టుకోవాల్సి వచ్చినప్పుడల్లా కొంగుతో పట్టుకుని తిప్పడం నా అలవాటు. నన్ను చూసి వాళ్లు నవ్వుకునేవాళ్లు.

ఆ కొంగు పట్టిన పేజీల్లోనే నాకు మూలకణాల సంగతి తెలిసింది. రక్తం కుండలో నీళ్లలా ఒంట్లో ఊరికే నిలవ ఉండేది కాదు. ఎర్ర కణం నాలుగు నెలలకు మించి బతకదు. తెల్ల కణాల్లో కొన్ని ఒక రోజు కూడా ఉండవు. కాబట్టి మనం కూర్చున్నా పడుకున్నా ఎముకల లోపల కొత్తవి తయారవుతూనే ఉండాలి. అన్నిటికీ మొదలు మూలకణాలు. అవి చాలా తక్కువ, అందులోనూ ఎక్కువ భాగం నిద్రపోతూ ఉంటాయి. ఒకటి లేచి రెండుగా చీలితే, ఒక సగం మళ్లీ మూలకణంగానే మిగిలిపోతుంది, రెండో సగం పనికి పోతుంది. పనికి పోయినదే పెరిగి, చీలి, మళ్లీ చీలి, ఎర్ర కణాలూ తెల్ల కణాలూ రక్తం గడ్డకట్టించే పలుకులూ అవుతుంది. పనికి పోయింది తిరిగి రాదు. మిగిలిపోయినదే రేపటికి.

ఇది చదివినప్పుడు నాకు నాన్న మగ్గమే కళ్లకు కట్టింది. గుడ్డ నేయడం అయిపోతే దాన్ని మొదలంటా కోయరు. పడుగు, అంటే నిలువు పోగుల కొసలు మగ్గంలోనే వదిలేస్తారు. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటీ ఆ పాత కొసలకు అతికి ముందుకు లాగుతారు. ఆ కొసలు ఉన్నంత కాలం మగ్గం మీద ఎన్ని గుడ్డలైనా దిగుతాయి. కొసలు ఊడిపోతే మగ్గం ఉన్నా లేనట్టే. తమ్ముడి ఎముకల్లో కొసలు ఊడిపోయాయి.

ఇంకొకరి మూలుగ ఎక్కించాలన్నారు. ఆ కొత్త కొసలు ఎవరివి పడితే వాళ్లవి సరిపోవు, ఒంటి గుర్తులు కలవాలి. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లకు కలిసే అవకాశం నాలుగింట ఒకటి. నావి కలిశాయి. అమ్మ ఆసుపత్రి వరండాలోనే నా కాళ్లు పట్టుకోబోయింది. అత్త మాత్రం నా నడుము చూసి నాలుక చప్పరించింది.

“మూలుగ తీస్తె నడుమిరుగుతది బిడ్డా. రేపు బిందె ఎత్తలేవు. నీ మొగడు ఊకుంటడా?”

“మళ్లీ నిండుతది అత్తా. తీసింది కొంచెమే. మిగిలినయి చీలి మళ్ల అయితయి.”

“ఎవలు చెప్పిండ్లు?”

“చదివిన.”

“ఆఁ, చదివినవు,” అని అత్త నోట్లోని జర్దా రసాన్ని కిటికీలోంచి బయటికి ఉమ్మింది. అది కింద ఎవరి నెత్తిన పడిందో చూడలేదు. నేను చూశాను. ఆరేసిన దుప్పటి మీద పడింది, ఎవరో రోగిది.

మా ఆయన ఫోన్లో ఒకటే అడిగాడు, నీకు ఏమీ కాదు గద అని. కాదని చెప్పాను. సరే అయితే అన్నాడు.

మత్తు ఇచ్చి నా తుంటి ఎముకల్లోంచి మూలుగ తీశారు. లేచాక నడుము కింద గాడిద తన్నినట్టు నొప్పి. అది కొన్నాళ్లు ఉండి పోయింది. తీసిన సంచి నాకు చూపించారు. మూలుగంటే తెల్లగా, కొవ్వులా ఉంటుందని నా ఊహ. చూస్తే ముదురు ఎరుపు, అచ్చం రక్తమే, సంచి పైభాగంలో సన్నటి జిడ్డు మెరుస్తోంది. నా ఒంట్లోంచి వచ్చినదాన్ని చూసి నాకే వికారం పుట్టింది. దాన్ని తమ్ముడి ఎముకలో పోస్తారని మా చుట్టాలందరూ అనుకున్నారు. అమ్మ కూడా ఎముకను ఎక్కడ కోస్తారని అడిగింది. ఎక్కడా కోయరు. మామూలుగా రక్తం ఎక్కించినట్టే నరంలోకి వదిలారు. అందులోని మూలకణాలు రక్తంలో తిరిగి తిరిగి, తమంతట తామే ఎముకల్లోని చోటు పసిగట్టి లోపలికి పోతాయి. ఇంత పెద్ద ఒంట్లో వాటికి దారి చెప్పేది అక్కడ లోపల ఉన్న కణాలు వదిలే రసాయనాలేనట. ఆ మాట చదివిన రోజు నేను గ్రంథాలయంలోంచి బస్టాపు దాకా నడుస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నా మూలుగ ఎక్కించే ముందే వాడికి బలమైన మందులిచ్చి లోపల మిగిలినదంతా తుడిచేశారు. నా కణాలు కుదురుకునే దాకా వాడి ఒంట్లో తెల్ల కణాలు లేనట్టే. ఆ రోజుల గురించి అందంగా రాయడం నాకు చేతకాదు. వాడి నోటి లోపల చర్మం పొరలుగా ఊడి వచ్చేది. లాలాజలం తాడులా సాగేది. నేను గుడ్డతో తీస్తుంటే నాకు డోకు వచ్చేది, ఆపుకుని తీసేదాన్ని. వాడి వాంతిలో నెత్తుటి జీరలు ఉండేవి. గది వాసన నా జుట్టులో పట్టి, ఇంటికొచ్చి మూడుసార్లు తలంటుకున్నా పోలేదు. కానీ అది రోగం వల్ల వచ్చిన అసహ్యం, దాన్ని భరించగలిగాను. మనుషులు తమ ఇష్టంతో చేసే అసహ్యం వేరు.

కొన్ని వారాలకు తెల్ల కణాలు కనిపించడం మొదలైంది. అక్కడి డాక్టరమ్మ నాతో ఓపికగా మాట్లాడే మనిషి. ఒక మూలకణం చీలితే ఒకటి మిగులుతుంది, ఒకటి పనికి పోతుంది కదా అని నేను నా చదువు చూపించుకున్నాను.

“ప్రతిసారీ అలాగే జరగదమ్మా,” అంది ఆమె. “ఒక్కోసారి రెండూ మూలకణాలుగానే ఉండిపోతాయి. ఒక్కోసారి రెండూ పనికి పోతాయి. మొత్తం మీద లెక్క సరిపోవాలి, అంతే. ఇప్పుడు మీ తమ్ముడి ఒంట్లో ఖాళీ ఎక్కువ, మీవి వెళ్లింది కొన్నే. ముందు అవి తమ సంఖ్య పెంచుకోవాలి. అందుకే తొందరపెట్టకూడదు.”

నేను చదివిన పుస్తకం పాతది. ఆ సంగతి అందులో లేదు. కొత్త పుస్తకం వెతుక్కోవాలని మనసులో అనుకున్నాను.

హైదరాబాద్‌లో అద్దె గదిలో నెలలు గడిపాక వాణ్ణి వరంగల్ పంపారు. అప్పటికి పరీక్షలో వాడి రక్తం పూర్తిగా నాది అని తేలింది. రక్తం గ్రూపు కూడా వాడి పాతది పోయి నాది వస్తోంది. రక్త కణాల్లో మగ గుర్తు కూడా కనిపించదు, ఎందుకంటే అవి ఆడమనిషివి. ఈ ముచ్చట ఎలా పోయిందో షెడ్డుకు పోయింది. వాడితో పని చేసేవాళ్లు ఫోన్ చేసి అడిగేవాళ్లట, “ఏం తమ్మీ, చీర ఏ రంగు కొనాలె?” అని. “నెలకోపారి కడుపు నొస్తాందా?” అని. వాడు నవ్వినట్టు నటించేవాడు. నాకు ఒళ్లు మండేది. ప్రాణం నిలబెట్టిన రక్తం దొరికితే వాళ్లకు అందులో కనిపించింది చీరే.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వాడి రక్షణ శక్తి పసిపిల్లవాడి కంటే తక్కువ. చిన్నప్పుడు వేయించుకున్న టీకాలు కూడా మళ్లీ వేయించుకోవాలి. వాడి ఒంటిమీదికి తిరగబడకుండా నా కణాలను అణిచి ఉంచే మందులు ఇంకా నడుస్తున్నాయి. కాబట్టి బాగా ఉడికిన అన్నం, మరిగించిన నీళ్లు, మాస్కు, చేతులు కడగడం. చూడటానికి ఎవరూ రావద్దు.

ఎవరూ రావద్దా! మా వాళ్లలో మంచాన పడి లేచినవాణ్ణి చూడటానికి రాకపోతే అది పగ కింద లెక్క. వచ్చినవాడు వట్టి చేతులతో రాడు, నిలబడే చూసి పోడు. మంచం మీద కూర్చుంటాడు, ఒళ్లు నిమురుతాడు, తెచ్చిన బత్తాయిని తన గోళ్లతోనే ఒలిచి నోట్లో పెడతాడు. ఆ గోళ్లు నేను చూశాను. నల్లటి మట్టి, సున్నం, గుట్కా పసుపు. ఒకాయన గేటు దగ్గర గుట్కా ఉమ్మి, అదే చేత్తో మూతి తుడుచుకుని, అదే చేత్తో తమ్ముడి చెంప నిమరబోయాడు. నేను అడ్డం పడి ఆ చెయ్యి పట్టుకున్నాను. తడిగా ఉంది.

మర్నాడు నేను గడప బయట ఒక బకెట్ నీళ్లు, చెంబు, సబ్బు పెట్టాను. వచ్చినవాళ్లు చేతులు కాళ్లు కడుక్కుని లోపలికి రావాలని. నా లెక్కలో అది చిన్న పని. కానీ అత్త గేటు దగ్గరే ఆగిపోయింది. ముఖం పాలిపోయింది.

“ఇదేంది?”

“కడుక్కొని రా అత్తా.”

“బతికున్న పోరని ఇంటి ముంగట సావు నీళ్లు పెడతవా?” అని అత్త అరిచిన అరుపుకు ఎదురింటివాళ్లు బయటికి వచ్చారు. “పీనుగును సాగనంపి వచ్చినోళ్లు కడుక్కునే నీళ్లవి! ఎవని పీనుగ లేసిందని పెట్టినవే? వదినా! నీ బిడ్డ సూడు, కొడుకును ఇప్పుడే కాటికి పంపుతాంది!”

అది నిజమే. మా దగ్గర చావుకు పోయి వచ్చినప్పుడే గడప బయట నీళ్లు పెడతారు. పుస్తకాలు అన్నీ చదివిన నాకు ఆ సంగతి తట్టలేదు. కానీ తట్టినా పెట్టేదాన్నే.

“సబ్బు కూడా ఉంది చూడు అత్తా. సావు నీళ్ల కాడ సబ్బు పెడతారా?”

“సబ్బు పెడితె సావు పోతదా?”

నేను ఆ మాట మీద ఇంకా వాదిస్తుండగానే అమ్మ వచ్చి బకెట్ ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. నా వైపు చూడలేదు. అత్త కడగని చేతులతో లోపలికి వచ్చి, సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది.

లోపల నల్ల. మేకను కోసినప్పుడు కారే రక్తాన్ని పట్టి, గడ్డకట్టాక ముక్కలు చేసి, ఉల్లిగడ్డా కారమూ వేసి వేపుతారు. చాలామందికి అదంటే ప్రాణం. నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. అత్త చెంచాతో ఒక ముక్క విరిచి చూపించింది. మధ్యలో ఇంకా ఎర్రటి తడి. బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చిన డబ్బా, మూతకు లోపలి వైపు చెమట పట్టి నూనెతో కలిసి జారుతోంది. ఈగ ఒకటి అంచు మీద వాలి కాళ్లు రుద్దుకుంటోంది.

“జర పచ్చిగుంటెనే తాకత్ ఉంటది,” అంది. “నెత్తురు తింటె నెత్తురు వడతది. రేపు మూలుగ బొక్కల పులుసు తెస్త. మూలుగ కావాలన్నరు గద మీ డాక్టర్లు, మేకకు లేదా మూలుగ?”

“తిన్నది కడుపుల కరుగుతది అత్తా. బొక్కలకు పోదు. మేకది మేకకే.”

“నీది పోయింది గద!”

“నాది నరంలకెళ్లి పోయింది. నోట్లకెళ్లి కాదు.”

అత్త నన్ను పట్టించుకోకుండా చెంచా తమ్ముడి వైపు చాపింది. నేను డబ్బా లాక్కుని వెనక మురుగు పోయే మోరీలో వంపేశాను.

“సదువుకున్న కోతీ! మేనత్త తెచ్చింది మోరిల పోస్తవా? నీ చేతులు పడిపోను!” అని తిట్టుకుంటూ అత్త వెళ్లిపోయింది. గేటు దగ్గర ఉమ్మిన ఉమ్మి మాత్రం మా గోడ మీద మిగిలింది. నేనే కడిగాను.

గెలిచాననుకుని ఖిలా వరంగల్ వెళ్లిపోయాను. కొన్నాళ్లకే అమ్మ ఫోన్ చేసింది. తమ్ముడికి చలి జ్వరం, ఆగని విరేచనాలు. కారు మాట్లాడుకుని హైదరాబాద్ పోయేసరికి వాడు నన్ను గుర్తుపట్టే స్థితిలో లేడు. కారులో వెనక సీటంతా పాడైపోయింది. డ్రైవర్ కిటికీలన్నీ దింపి, దారి పొడుగునా తన సీటు కవర్ల గురించే మాట్లాడాడు.

పేగుల్లో పట్టిన క్రిమి రక్తంలోకి పోయింది అన్నారు. తెల్ల కణాలు పడిపోయాయి, రక్తాన్ని గడ్డకట్టించేవీ పడిపోయాయి.

“సరిగ్గా ఉడకని మాంసం వల్ల రావచ్చు, మురికి చేతుల వల్లా రావచ్చు,” అంది డాక్టరమ్మ. “ఏం తిన్నాడు?”

అమ్మ తల దించుకుంది. నా కళ్లకు అత్త డబ్బా ఒక్కటే కనిపించింది. సరిగ్గా అదే రోజు అత్త ఆసుపత్రికి వచ్చింది, చేతిలో ఇంకో డబ్బా. వరండాలో అందరి ముందూ నిలదీశాను.

“ఏం పెట్టినవ్ వానికి? నేను లేనప్పుడు వచ్చి ఏం పెట్టినవ్?”

“పోచమ్మ తోడు, నేను ఆ గడప తొక్కలే!” అంది అత్త. “నువ్ డబ్బా పారబోసిన కాడికెళ్లి నేను ఆ గల్లీకే పోలే. ఇప్పుడు తెచ్చింది గూడ ఉత్త ఇడ్లీలే, సూస్కో.”

మూత తీసి చూపించింది. ఇడ్లీలే. నా వెనక నుంచి అమ్మ సన్నగా అంది.

“నేను పెట్టిన బిడ్డా. వాడే అడిగిండు.”

లోపలికి వెళ్లాను. తమ్ముడికి జ్వరం కొంచెం దిగి, కళ్లు తెరిచి ఉన్నాడు.

“నువ్వు అడిగినవా నల్ల?”

“అడిగిన.”

“ఎందుకురా?”

“ఎన్ని నెలలాయె అక్కా, ఉడికిచ్చిన ముద్ద తినవట్టి. నాలుకకు ఏం తెలుస్తలేదు. ఆనాడు నువ్ పారబోస్తుంటె వాసన తెలిసింది. గంతే. గా ఒక్కటే తెలిసింది.” అమ్మకేసి చూసి, “అవ్వ బాగనే వేపిన అన్నది,” అన్నాడు.

“బాగా వేపితే మాడిపోతదని తీసినవా?” అని అమ్మను అడిగాను. అమ్మ ఏడ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, అదే కొంగుతో వాడి నోటి అంచు తుడిచింది. నేను ఆ కొంగు లాగేశాను. ఆ గదిలో ఉన్న అందరి మీదా నాకు ఒకేసారి అసహ్యం వేసింది. వేపిన అమ్మ, అడిగిన తమ్ముడు, బయట ఇడ్లీల డబ్బా పట్టుకుని నిర్దోషిలా నిలబడ్డ అత్త. నా ఎముకలోంచి తీసి ఇస్తే, దాన్ని ఒక గిన్నె నెత్తుటి కూరకు పణం పెట్టారు. ప్రేమ పేరు మీద పెట్టారు. అదే ఇంకా రోత.

డాక్టరమ్మ నన్ను తన గదికి పిలిచింది.

“మూలకణాలు మామూలుగా నిద్రపోతూ ఉంటాయని మీరే చెప్పారు కదా. జబ్బు చేసినప్పుడు వాటిని తట్టి లేపుతుంది ఒళ్లు. లేచి చీలుతాయి. ఎప్పటికీ లేస్తూనే ఉంటే అలిసిపోతాయి. మీ తమ్ముడిలో ఉన్నవి ఇంకా లేతవి. క్రిమి ఒకటి, మేం ఇస్తున్న మందులు ఒకటి, రెండూ వాటిని అణుస్తున్నాయి. పరీక్షలో ఇప్పటికీ ఆ రక్తం మీదే. అంటే అవి పోలేదు. కొన్నాళ్లు చూద్దాం. లేవకపోతే మీ దగ్గర మళ్లీ తీసుకోవాల్సి రావచ్చు. మీకు ఇష్టమేనా?”

సరే అన్నాను. వెంటనే అనలేదు. గోడ మీద ఎవరో వేలితో రాసిన సున్నపు మరక చూస్తూ కాసేపు కూర్చున్నాకే అన్నాను. నడుము నొప్పి గురించి కాదు. మళ్లీ ఇస్తే మళ్లీ ఏ గిన్నెలో పోస్తారో అన్న రోత అది. వాడు చచ్చిపోతాడన్న భయం పక్కనే ఉన్నా, ఆ రోత మాత్రం పోలేదు.

తర్వాత రోజుల్లో చేయగలిగింది ఏమీ లేదు, పొద్దున రక్తం తీసుకుపోతారు, మధ్యాహ్నానికి చెబుతారు. నేను మంచం పక్కన కూర్చుని నేను చదివిందంతా తలుచుకునేదాన్ని. వాడి వెన్నెముకలో, తుంటిలో, ఛాతీ ఎముకలో ఎన్ని మిగిలాయో తెలియదు. మిగిలినవి పనికి పోకుండా కొంచెం ఆగి, ముందు తమను తాము నింపుకుంటే బాగుండు. మనుషులకైతే తిట్టి చెప్పొచ్చు. కణానికి ఎవరు చెబుతారు?

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ తనే వచ్చి చెప్పింది. తెల్ల కణాలు కొంచెం లేచాయి. మర్నాడు ఇంకొంచెం. వారం తిరిగేసరికి వాడికి బయటి రక్తం ఎక్కించే అవసరం తగ్గింది. నన్ను మళ్లీ అడగాల్సిన పని పడలేదు. మిగిలిన కొన్నే మళ్లీ అంతా చేశాయి. ఆ రోజు కూడా నేను సంతోషంతో ఎగరలేదు. బాత్రూములోకి పోయి, మొహం కడుక్కుని, అక్కడి సింకు మీద ఎవరో వదిలేసిన వెంట్రుకల ముద్ద చూసి బయటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక రెండు నెలలు నేను కాశిబుగ్గలోనే ఉన్నాను. మిషన్ అక్కడికే తెచ్చుకుని జాకెట్లు కుట్టాను. ఒక ఆదివారం పొద్దున గల్లీలోంచి అత్త గొంతు వినిపించింది. పోచమ్మకు మొక్కు తీర్చుకుని వస్తోంది. తమ్ముడు లేచి తిరిగితే మేకను ఇస్తానని మొక్కుకుందట. దారిలో ఎదురైన ప్రతి మనిషికీ చెబుతోంది.

“దవాఖానోళ్లు చేతులెత్తిన్రు. అక్కది ఎక్కిస్తె గూడ పడిపోయింది. నా మేక నెత్తురు పోచమ్మ తాగింది, పోరడు లేచిండు!”

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఎముకలోంచి నేను తీసి ఇచ్చింది, వాడి ఒంట్లో అన్ని నెలలు చీలి చీలి నిలబెట్టింది, మేక ఖాతాలో పడిపోయింది. లేచి గేటుకేసి పోబోయాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్ కూసో అక్కా. నీ నెత్తురును నేనే ఖరాబ్ చేసిన. నేను సూసుకుంట.”

“నా నెత్తురేంది?” అన్నాను. గొంతులో కోపం దాచలేదు. “నాది నాకు ఎప్పుడో నిండింది. నీ ఒంట్ల ఉన్నది నీ బొక్కలు చేసుకున్నది. నా పేరు చెప్పుకుని దాన్ని కాపాడేదుంటే వద్దు.”

వాడు మాస్కు సరిచేసుకుని గడప దగ్గరికి వెళ్లాడు. అత్త అరిటాకులో మేక కార్జం ముక్కలు తెచ్చింది. నిప్పుల మీద పైపైన కాల్చినవి, పసుపు రాసి ఉన్నాయి, ఆకు కింది నుంచి ఎర్రటి నీళ్లు ఆమె మోచేతి దాకా కారుతున్నాయి.

“పట్టు రా కొడకా. పోచమ్మ పెసాదం.”

“నేను తిన అత్తా.”

“తల్లి పెసాదం వద్దంటవా? కళ్లు పోతయి!”

“తల్లికి నేను చెప్పుకుంట. ఏడాది దాటినంక నేనే మేకను తోలుకొస్త, నేనే వండుకుంట. ఇప్పుడు వద్దు.”

“ఎవలు నేర్పిండ్లు? లోపల ఉన్న సదువులమ్మనా?”

“ఎవలు నేర్పలే. కార్ల కూసొని ఒళ్లంత ఖరాబ్ చేసుకున్నది నేను. నువ్ కాదు, అక్క కాదు.”

అత్త గొణుక్కుంటూ అరుగు మీద కూలబడింది. ప్రసాదం పారేయకూడదు కాబట్టి తనే తినడం మొదలుపెట్టింది. ఒక్కో ముక్కా నోట్లో వేసుకుని, వేళ్లు చీకి, ఆ వేళ్లనే చీర అంచుకు తుడుచుకుంటూ, వచ్చేపోయేవాళ్లకు నా గురించి చెబుతూ తిన్నది. కాల్చిన కార్జం వాసన లోపలి దాకా వచ్చింది. తమ్ముడు గడప లోపలి వైపు నిలబడి చూస్తున్నాడు. వాడి గొంతు కదిలింది, ఒకసారి గుటక మింగాడు. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, వాడి కాళ్లకేసి చూస్తూ నిలబడ్డాను. ఆకు ఖాళీ అయ్యేదాకా అవి గడప దాటలేదు.